ఫిర్యాదు: ట్రాక్టరులో గాలి లాగుతున్న డీజిల్ పైపును వదిలేసి పంపు మీద పడిన మీ సర్వీసు గురించి

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

అయ్యా,

"మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది" అని మీ కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. చాలా సంతోషం. పరిష్కరించబడిన ఆ ట్రాక్టరు బంగారుపాళెం దగ్గర మా చేనిగట్టున కదలకుండా నిలబడి ఉంది. బండి అన్నాక ఎప్పుడో ఒకసారి మొరాయిస్తుంది, దానికి మిమ్మల్ని తప్పుపట్టను. అడిగిన ప్రతిసారీ ఒక టోకెన్ నంబరు చేతిలో పెట్టి మాట దాటేస్తున్నారే, దానికే ఒళ్ళు మండుతోంది. మీ టోకెన్ వచ్చేదాకా శెనక్కాయ విత్తే పదును ఆగదు.

టోల్‌ఫ్రీకి చేస్తే ముందు పాట, తర్వాత హిందీ, ఆ తర్వాత ఒకమ్మాయి. "ట్యాంకులో డీజిల్ ఉందా సార్?" ఉందమ్మా. "బ్యాటరీ బాగుందా సార్?" సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది, సైలెన్సర్లో పొగే రావడం లేదు అని చెప్పాను. పని తెలిసినవాడు ఆ ఒక్క మాట దగ్గరే ఆగుతాడు. తెల్లపొగ వస్తే డీజిల్ లోపలికి పోతోంది గానీ మండడం లేదని, పొగే లేకపోతే డీజిల్ చేరడమే లేదని. ఆమె రాసుకున్నది "స్టార్టింగ్ ప్రాబ్లం". మళ్ళీ చేస్తే ఇంకొకాయన ఎత్తి మళ్ళీ ట్యాంకులో డీజిల్ దగ్గరే మొదలుపెట్టాడు. చాసిస్ నంబరు అడగనివాళ్ళు లేరు, పొగ గురించి అడిగినవాళ్ళూ లేరు.

చిత్తూరు షోరూమ్ వాళ్ళు ఇంకా ఘనులు. మెకానిక్ బయల్దేరాడన్నారు. పొద్దుగూకినా రాలేదు. అడిగితే పలమనేరు పోయాడు, రేపు వస్తాడు అన్నారు. ఆ రేపు ఎప్పటికో వచ్చింది. వచ్చిన కుర్రాడు ఫిల్టర్లు రెండూ మార్చి, డీజిల్ దారిలో చేరిన గాలి తీయకుండానే సెల్ఫ్ కొట్టడం మొదలుపెట్టాడు! చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ కొడుతూ మొదటి ఫిల్టరు మీద గాలి వదిలే బ్లీడింగ్ స్క్రూ వదులు చేయాలి, నురగ పోయి బుడగ లేని డీజిల్ కారేదాకా ఆగి బిగించాలి. తర్వాత రెండో ఫిల్టరు, ఆ తర్వాత ఇంజిన్లోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు. అప్పటికీ పట్టకపోతే ఇంజిన్ ఆపే స్టాప్ నాబ్ లోపలికి నెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా ఇచ్చి, ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదిలి సెల్ఫ్ తిప్పాలి, డీజిల్ చిమ్మగానే బిగించాలి. ఈ వరుస తప్పితే వెనకున్న గాలి మళ్ళీ ముందుకొస్తుంది. ఇదంతా మీ మెకానిక్‌కు నేను చెప్పి చేయించాను. బండి పట్టింది. కాసేపు ఆడి ఆగిపోయింది.

అంటే గాలి ఎక్కడో లాగుతోంది. ఈ మోడల్లో ట్యాంకు, దాన్నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకంటే కిందుంటుంది, కాబట్టి పైపు పగిలితే డీజిల్ బయటికి కారదు. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరిబోండం తాగినట్టే, పంపుకు గాలే అందుతుంది. మీ కుర్రాడు మాత్రం బయట తడి లేదు గనక పైపు బాగానే ఉంది, ఇంజెక్షన్ పంపు పోయింది అని తేల్చేశాడు. సర్వీసు మేనేజరు ఇంకో అడుగు ముందుకేసి, కల్తీ డీజిల్ పోశారు, వారంటీ వర్తించదు అన్నాడు. ఆ మాటన్న మనిషి ట్యాంకు మూతైనా తీసి చూడలేదు. మడ్డీ నీళ్ళూ దిగే సెడిమెంట్ బౌల్ అడుగున నీళ్ళ చుక్క లేదు. గాజుసీసాలో పోసి రాత్రంతా కదపకుండా పెట్టిన డీజిల్లోనూ నీళ్ళు దిగలేదు.

ఇంకా అనుమానమెందుకని కుర్రాడి ఎదుటే ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పించి, ఫీడ్ పంపుకు వేరే పైపు తగిలించి, ఐదు లీటర్ల క్యానులో ముంచాం. క్యాను నేలమీదే పెట్టాం. ఎత్తులో పెడితే డీజిల్ తనంతట తానే దిగి లోపాన్ని దాచేస్తుంది. గాలి తీసి స్టార్ట్ చేస్తే ఆపేదాకా ఆగకుండా ఆడింది. పోయిన పంపు అలా ఆడుతుందా? లోపం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉన్న రబ్బరు పైపులో, దాని వాషర్లలో ఉందని వీడియోతో సహా చూపిస్తే మేనేజరు ఏమన్నాడో తెలుసా? "మా సిస్టమ్‌లో పంపు అనే ఎక్కింది సార్, ఇప్పుడు మార్చలేం." సిస్టమ్‌కు నమస్కారం పెట్టి వచ్చేశాను.

మా నాయన కాలం నుంచి మా ఇంట్లో మీ రంగు బండే. ఊళ్ళో ఎవరు ట్రాక్టరు కొనాలన్నా మమ్మల్నడిగి మీ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇకమీదటా అడుగుతారు, జరిగింది జరిగినట్టే చెబుతాను. పంపు విప్పడానికని కట్టించుకున్న అడ్వాన్సు తిరిగిచ్చి, ఆ పైపు వారంటీలో మార్చండి. కుదరదంటే కారణం మీ సర్వీసు జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టివ్వండి, నోటిమాట నాకొద్దు. రెండూ చేయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, అక్కడినుంచి వినియోగదారుల కమిషన్‌కు పోతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఫిర్యాదుకు రెండేళ్ళ గడువిచ్చింది. ఈలోగా బండిని ఇంకో ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి మీ షోరూమ్ గేటుకు అడ్డంగా నిలబెడతాం. అప్పుడైనా చాసిస్ నంబరు మీ కళ్ళకు కనబడుతుంది.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
బంగారుపాళెం మండలం, చిత్తూరు జిల్లా.

తా.క.: మనిషిని పంపేటప్పుడు కొత్త కాపర్ వాషర్లు ఇచ్చి పంపండి. పోయినసారి విప్పినవే మళ్ళీ వేశాడు. ఒకసారి నొక్కుకుపోయిన వాషరు రెండోసారి సరిగా సీలు కాదు, ఎంత బిగించినా గాలి లాగుతుంది.