సింధుకు, కాజీపేట నుంచి

బిడ్డా సింధూ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. మొన్నటి గాలివానకు కాకర పందిరి ఒరిగిపోతే కిరణ్ వచ్చి కట్టిపోయాడు. 2025లో మామునూరు విమానాశ్రయానికి కేంద్రం సరే అన్నప్పటి నుంచి పేపర్లో దాని గురించి ఏదో ఒకటి వస్తూనే ఉంది. వచ్చిందల్లా మీ అమ్మ కత్తిరించి నీ టెన్త్ సోషల్ పుస్తకంలో దాస్తోంది.

తొలి ఏకాదశికి ఫోన్ చేస్తావని చూశాం. చేయలేదు. వాట్సాప్‌లో ‘ఓకే బాపు’ అని తప్ప నీ మాట విని చాలా రోజులైంది. పనిలో ఉన్నావేమో అనుకున్నాను. ఈలోపు పద్మత్త వచ్చి, శ్రీను అమెరికా నుంచి నీ గురించి ఏదో అన్నాడని చెప్పింది. అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు తిండి సంగతి చెప్పు. ఆ మాత్ర వేసుకుంటే ఆకలి కాదని నువ్వే అన్నావు కదా, పొద్దున ఏమన్నా తింటున్నావా? రెండు ఇడ్లీలు తిని వేసుకుంటే ఏం పోతుంది?

అసలు మాత్ర వేసుకుంటున్నావా? మానేశావని శ్రీను అన్నాడట. పైలట్ మెడికల్ ఫారంలో జబ్బుల ప్రశ్నకు ‘లేదు’ అని కొట్టెయ్, ఎవరికీ తెలియదు అని నీ స్నేహితులు చెబుతున్నారట. నువ్వూ అదే ఆలోచనలో ఉన్నావట. నిజమో అబద్ధమో నాకు తెలియదు. నీ నోటితో వినాలి.

నీకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని సమస్య, ఉందని అక్కడి డాక్టరు రాసిచ్చినప్పుడు మీ అమ్మ ఏడ్చింది. నాకు భయం వేయలేదు. జామెట్రీ బాక్సు నెలకొకటి పోగొట్టేదానివి, హోంవర్క్ సగంలో వదిలి గోడెక్కేదానివి. అదే పిల్లవి స్టేషన్లో నా పక్కన నిలబడి, బండి కనబడకముందే శబ్దం విని డీజిలా, ఎలక్ట్రికా చెప్పేదానివి. నీ బుర్ర సంగతి నాకు తెలుసు. నువ్వు విమానం నడపలేవని నేను ఏనాడూ అనలేదు, ఇప్పుడూ అనను.

కిరణ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అక్కడ విమానాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనలు చదివించుకున్నాను. నువ్వూ చదివే ఉంటావు, అయినా రాస్తున్నాను. ఆ ఫారం ‘ఇప్పుడు ఉందా’ అని అడగదు, ‘జీవితంలో ఎప్పుడైనా ఉందా’ అని అడుగుతుంది. ఏ మందులు వాడుతున్నావో అడుగుతుంది, మూడేళ్లలో ఏ డాక్టర్లను కలిశావో అడుగుతుంది. తెలిసి అబద్ధం రాస్తే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు అని ఆ కాగితం మీదే ఉంది. పరాయి దేశంలో వీసా మీద ఉన్న పిల్లకు అది ఎక్కడికి పోతుందో ఆలోచించు.

నిజం చెబితే దారి లేదా అంటే, ఉంది. నాలుగేళ్లుగా మందు లేకుండా, లక్షణాలు లేకుండా ఉన్నవాళ్లకు 2023 నుంచి తొందరగా తేలే పద్ధతి పెట్టారు. అది నీకు వర్తించదు, నువ్వు మొన్నటి దాకా వాడావు. నీకున్నది పొడుగు దారి. తొంభై రోజులు మందు ఆపి, ఇలాంటి కేసులు చూడటానికి శిక్షణ పొందిన న్యూరోసైకాలజిస్ట్ (మెదడు పనితీరు పరీక్షించే నిపుణులు) దగ్గర పరీక్షలు రాయాలి. మందు ఒంట్లో లేదని తేలడానికి మూత్ర పరీక్ష కూడా ఉంటుంది. ఆ ఆపడం కూడా నీ డాక్టరు చెప్పినట్టు, ఆమె చూస్తుండగా ఆపాలి. నీ అంతట నువ్వు మానేసి ఆ హైవేల మీద కారు నడుపుతున్నావంటే నాకు ఇక్కడ నిద్ర పట్టడం లేదు.

రాజన్న పెదబాపు గుర్తున్నాడు కదా, నీకు సైకిల్ నేర్పింది ఆయనే. ఒక రాత్రి గూడ్స్ బండికి ఆయన డ్రైవర్, నేను అసిస్టెంట్. ఖాళీ వ్యాగన్లతో బల్లార్షా వైపు పోతున్నాం. బెల్లంపల్లి దాటాక సిగ్నల్ కనబడి నేను ‘గ్రీన్’ అన్నాను. ఆయన కూడా తిరిగి అనాలి, అది రూలు. అనలేదు. ఇంకో సిగ్నల్‌కూ పలకలేదు. నిమిషం పాటు డ్రైవరు చెయ్యి దేని మీదా పడకపోతే ఇంజిన్ మొదట లైటు వెలిగిస్తుంది, తర్వాత బజర్ కొడుతుంది, అప్పటికీ కదలకపోతే తనే బ్రేకు వేసుకుంటుంది. బజర్ మోగింది. నేను లేచి ఆయన భుజం పట్టుకునేలోపే బ్రేకులు పడ్డాయి. చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది, వేళ్లు వణుకుతున్నాయి, నన్ను చూస్తున్నాడు గానీ గుర్తుపట్టడం లేదు. మీ అమ్మ కట్టిచ్చిన పల్లీపట్టీ విరిచి నోట్లో పెట్టాను. నమిలే ఓపిక కూడా లేదు, నీళ్లతో మింగించాను. చుట్టూ అడవి, వెనక అంత పొడుగు బండి. కాసేపటికి తేరుకుని, “షుగరురా, ఏళ్ల సంది దాస్తున్న” అన్నాడు. మర్నాడు మెడికల్ ఉందని తిండి మానేసి మాత్రలు మాత్రం మింగాడట.

మాకు నలభై అయిదు ఏళ్ల దాకా నాలుగేళ్లకోసారి మెడికల్, ఆ తర్వాత యాభై అయిదు దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటేటా. ప్రతిసారీ ఆయన మళ్లీ దాచాల్సిందే. మెడికల్ లెటర్ వచ్చిందంటే నెల ముందు నుంచే ఇంట్లో ఎవరితో మాట్లాడేవాడు కాదని పెద్దమ్మ తర్వాత చెప్పింది. మర్నాడు తనే పోయి డాక్టరుకు అంతా చెప్పాడు. మళ్లీ ఇంజిన్ ఎక్కలేదు, డ్రైవర్లు డ్యూటీ ఎక్కే లాబీలో రిజిస్టర్లు రాస్తూ రిటైరయ్యాడు. అదే షుగరుతో సత్తయ్య మామ మొదట్లోనే చెప్పుకున్నాడు. కొన్నాళ్లు బండి ఎక్కనివ్వకుండా పక్కన పెట్టారు, తర్వాత చివరి దాకా బండి నడిపాడు.

నువ్వు ఎయిర్‌లైన్ పైలట్ కావాలంటున్నావు. దానికి కావాల్సిన ఫస్ట్ క్లాస్ మెడికల్ నలభై ఏళ్లు నిండేదాకా ఏడాదికోసారి, నిండాక ఆర్నెల్లకోసారి. ఇవాళ ‘లేదు’ అని రాస్తే ప్రతిసారీ అదే రాయాలి. ఇండియాకొచ్చి ఇక్కడ లైసెన్స్ చేసుకుంటానంటావేమో, ఇక్కడి విమానాల సంస్థ డీజీసీఏ మెడికల్‌లోనూ పాత జబ్బుల సంగతి అడుగుతారు. ఆ భయం పెట్టుకుని కాక్‌పిట్‌లో కూర్చోవడం నా బిడ్డకు వద్దు.

ఫారం తొందరపడి పంపకు. మెడికల్ చేసే ఏవియేషన్ డాక్టరు నీ ఫారం నంబరు కొట్టి దాన్ని తెరిచాడంటే వెనక్కి తీసుకోలేం. ముందు ఆ ఏవియేషన్ డాక్టరు దగ్గరికి ఉత్త సలహా కోసం పోతున్నానని చెప్పి పో. ఒకసారి మెడికల్ ఇవ్వమన్నారంటే, కారు డ్రైవింగ్ లైసెన్స్ మీద చిన్న విమానాలు నడిపే దారి కూడా మూసుకుపోతుందట. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నంతవరకు మెడికల్ అక్కర్లేదు, ఒక్కదానివే నడిపే సోలోకే కావాలి. కాబట్టి నేర్చుకోవడం ఆగదు.

ఆ పరీక్షలకు వేల డాలర్లవుతాయని, ఇన్సూరెన్స్ ఇవ్వదని చదివాం. క్రెడిట్ కార్డు మీద పెట్టకు. నా రిటైర్మెంట్ డబ్బు బ్యాంకులో ఊరికే ఉంది, కిరణ్‌తో పంపిస్తాను. దీని మీద వాదన వద్దు. మీ అమ్మ సమ్మక్కకు నీ ఎత్తు బంగారం, అదే బెల్లం, మొక్కుకుంది, కాబట్టి బరువు తగ్గితే మాకే లాభం అనుకోకు, బాగా తిను.

పద్మత్త వాళ్ల మరిది వచ్చే నెల డాలస్ వస్తున్నాడు. సకినాలు, మామిడి తొక్కు పంపుతాం. సర్వపిండి పాడైపోతుందని అమ్మకు చెప్పినా వినడం లేదు. తొక్కు డబ్బా ఫ్రిజ్‌లో పెట్టు, తడి చెంచా పెట్టకు. ఈ ఆదివారం మీకు పొద్దున అయ్యేసరికి ఫోన్ చెయ్యి. మాత్రల సంగతి మీ డాక్టరుతో ఎప్పుడు మాట్లాడుతున్నావో ఆ తేదీ చెప్పు. వాట్సాప్‌లో పెట్టినా సరే, కానీ ‘ఓకే’ అని మాత్రం పెట్టకు.

మీ బాపు