మంత్రి గారూ, మా రిజిస్టర్‌లో ఒక గడి తక్కువైంది

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

గుంటూరు జిల్లాలో కాలువ గట్టు మీదున్న ఒక మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం నడిపినదాన్ని నేను. 29 ఏళ్లు ఆ తలుపు తాళం తీశాను, వేశాను. రెండేళ్ల కిందట రిటైరయ్యాను. ఊళ్లో ఇప్పటికీ లైబ్రరీ మేడం అనే పిలుస్తారు. ఉద్యోగంలో ఉండగా ఇలా బహిరంగంగా రాసే వీలు లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. "ఫోన్లు వచ్చాక లైబ్రరీకి ఎవరొస్తారండీ" అనే మాట నేను ఎన్ని మీటింగుల్లో విన్నానో లెక్కలేదు. మీ దాకా కూడా ఆ మాటే వస్తుందేమోనని నా భయం. ఫోన్లు వచ్చాకే మా దగ్గరికి కొత్తవాళ్లు రావడం మొదలైంది. వాళ్లు దేనికొచ్చారో మీకు చెప్పాలి.

నా సర్వీసు చివరి సంవత్సరంలో ఒక ఉదయం. రోజూ అందరికంటే ముందు వచ్చి పేపర్లన్నీ తిరగేసే ఒక పెద్దాయన, రిటైర్డ్ టీచరు, ఆ రోజు పేపరు ముట్టుకోలేదు. మూల కుర్చీలో కూర్చుని ఫోన్‌ని రెండు చేతులతో మొహానికి ఎదురుగా పట్టుకున్నారు. చొక్కా వీపంతా చెమటకి తడిసిపోయింది. "ఒంట్లో బాగాలేదా మాస్టారూ" అని అడిగితే మాట్లాడొద్దన్నట్టు పెదాల మీద వేలు పెట్టారు. దగ్గరికెళ్లి చూశాను. తెర మీద పోలీసు డ్రెస్సులో ఒకడు. మాస్టారి ఆధార్‌తో పంపిన పార్సిల్‌లో మత్తుమందు దొరికిందట. కెమెరా ముందు నుంచి కదలకూడదట, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకూడదట. ఇంట్లో కోడలు అడుగుతుందని లైబ్రరీకి వచ్చేశారు. పదింటికి బ్యాంకు తెరవగానే ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి వాళ్లు చెప్పిన ఖాతాకి పంపాలట. అప్పటికి తొమ్మిదిన్నరయింది.

ఫోన్ లాక్కుని కాల్ కట్ చేశాను. మళ్లీ మోగింది. స్విచాఫ్ చేశాను. "నన్ను జైలుకి పంపిస్తావా అమ్మాయ్" అని ఆయన నా మీద కేకలేశారు. నేనేం చెప్పినా వినే స్థితిలో లేరు. బీరువాలోంచి పాత పేపర్ల కట్ట దించి, డిజిటల్ అరెస్ట్ మోసాల గురించి వచ్చిన వార్త వెతికి ఆయన ముందు పరిచాను. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదని అందులో స్పష్టంగా ఉంది. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. రెండోసారి చదివాక చేతుల వణుకు తగ్గింది. అచ్చులో ఉన్న మాటని నమ్మే తరం ఆయనది. తర్వాత ఇద్దరం కూర్చుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం.

ఆ సాయంత్రం తాళం వేసే ముందు రిజిస్టర్‌లో నేను రాసిన లెక్క ఇది: పాఠకులు 43, ఇష్యూ అయిన పుస్తకాలు 6. నెలాఖరుకి పై ఆఫీసుకి వెళ్లింది కూడా ఆ రెండు అంకెలే. మా పనిని కొలవడానికి ప్రభుత్వం దగ్గరున్నవి ఆ రెండు గళ్లే. ఆరు పుస్తకాలే ఇష్యూ అయ్యాయి కాబట్టి ఆ రోజు లైబ్రరీ నిద్రపోయిందని అర్థం.

నేను చేరిన కొత్తలో పనంటే పుస్తకాలే. కొత్త వారపత్రిక వస్తే సాయంత్రానికి నలిగిపోయేది. సీరియల్ నవలలకు వరస పెట్టి పేర్లు రాసుకునేదాన్ని. తర్వాత నిరుద్యోగుల కాలం వచ్చింది. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి బల్లలన్నీ ఆక్రమించేవాళ్లు. ఇంట్లో చదువుకునే చోటు లేని పిల్లలు వాళ్లు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా అన్ని పనులూ ఫోన్‌లోకి వెళ్లిపోయాయి. పరీక్షకి దరఖాస్తు ఫోన్‌లో, స్కాలర్‌షిప్ ఫోన్‌లో, గ్యాస్ బుకింగ్ ఫోన్‌లో. 2025 జనవరిలో ప్రభుత్వమే మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది. మంచిదే, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. కానీ ఓటీపీ అంటే ఏమిటో, అది ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో కూర్చోబెట్టి నేర్పే మనిషి ఊళ్లో ఎవరు? నెట్ సెంటరుకి వెళ్తే పని చేసిపెట్టి డబ్బులు తీసుకుంటారు, నేర్పరు. సచివాలయంలో వాళ్లకి వాళ్ల పని తలకు మించి ఉంది. డబ్బులు అడగకుండా, తొందరపెట్టకుండా, చదువు రాదని చిన్నచూపు చూడకుండా కూర్చునే చోటు ఊరికి ఒక్కటే ఉంది. అందుకే మా దగ్గరికి వచ్చారు.

ఇక ఏఐ సంగతి. గ్రూప్-2కి చదువుతున్న ఒక అమ్మాయి ఆంధ్రలో గ్రంథాలయోద్యమం మీద నోట్సు రాసుకుని తెచ్చింది. చాట్‌బాట్‌ని అడిగి రాసుకుందట. భాష చక్కగా ఉంది, తప్పులేదు. చదువుతుంటే వేటపాలెం సారస్వత నికేతనం బందరు దగ్గర ఉందని కనబడింది. అది చీరాల పక్కనున్న ఊరు. 1918లో మొదలైన ఆ గ్రంథాలయం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. మా ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. నోట్సు చివర మరింత వివరానికి చదవమని ఒక పుస్తకం పేరు, రచయిత పేరు కూడా ఉన్నాయి. ఆ పుస్తకం మా దగ్గరుందేమోనని అమ్మాయి ఆశ. మా పుస్తకాలన్నీ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్ మొత్తం చూశాను, లేదు. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఫోన్ చేశాను, అక్కడా లేదు. అమ్మాయి మళ్లీ చాట్‌బాట్‌నే అడిగింది. అది క్షమించమని చెప్పి ఇంకో పుస్తకం పేరు ఇచ్చింది. అదీ ఎక్కడా లేదు.

ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు నెలల నుంచి దాన్నే నమ్ముకుని నోట్సు రాస్తోంది. అందులో ఇంకెన్ని తప్పులున్నాయోనని టెన్షన్. ఇద్దరం పక్కపక్కన కూర్చుని నాలుగు సాయంత్రాలు ఆ నోట్సంతా పుస్తకాలతో సరిచూశాం. చాలావరకు సరిగ్గానే ఉంది. తప్పులన్నీ ఊళ్ల దగ్గర, మనుషుల పేర్ల దగ్గర, సంవత్సరాల దగ్గర దొరికాయి. ఎందుకలా అని అడిగితే నాకు తెలిసినంత చెప్పాను. అది పుస్తకం తీసి చూసి చెప్పడం లేదమ్మా, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో లెక్కగట్టి రాస్తోంది, తెలుగులో మన ఊళ్ల గురించి నెట్‌లో ఉన్నదే కొంచెం కాబట్టి అక్కడ ఊహ ఎక్కువైపోతుంది అన్నాను. ఆ తర్వాత మా బల్ల దగ్గర పిల్లలందరికీ ఒక మాట అలవాటైంది. "మేడం, ఇది ఏఐ చెప్పింది, ఎక్కడ రాసుందో చూద్దామా?" ఆ ఒక్క ప్రశ్న అలవాటు చెయ్యగలిగినందుకు నాకు ఎంత తృప్తిగా ఉందో మాటల్లో చెప్పలేను.

కొత్త టెక్నాలజీ అంటే నాకు భయమూ లేదు, కోపమూ లేదు. నవలలంటే ప్రాణం పెట్టే ఒక అమ్మగారికి చూపు మందగించింది. పేజీని ఫోటో తీస్తే చదివి వినిపించేలా ఆవిడ ఫోన్‌లో నేనే ఏర్పాటు చేసిచ్చాను. అది వత్తులు మింగుతుంది, ఇంటిపేర్లు వంకరగా పలుకుతుంది. అయినా ఆవిడ ఇంట్లో కూర్చుని కథ వింటోంది. నా చేతికి ఆ పరికరం ఎవరూ ఇవ్వలేదు, ఎలా వాడాలో ఎవరూ నేర్పలేదు. మా అబ్బాయి దగ్గర నేర్చుకున్నాను.

గ్రంథాలయ పని ఇలా మారడం మన రాష్ట్రానికి కొత్త కాదు మంత్రి గారూ. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయన తోటివాళ్లు గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ పెట్టేనాటికి మన జనంలో చదువొచ్చినవాళ్లే తక్కువ. ఆ ఉద్యమ నాయకుల్లో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయాన్నీ వయోజన విద్యనీ విడదీసి చూడలేదు. పుస్తకం పెడితే చాలదు, అక్షరం కూడా మనమే నేర్పాలి అనుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలోకి ఎక్కించి కాలువ వెంట ఊరూరికీ తీసుకెళ్లారు. ఆ రోజుల్లో జనం కాలువ మీద ఉన్నారు, అందుకని లైబ్రరీ కాలువ మీదికి వెళ్లింది. మా ఊరి గట్టు మీద నడిచినప్పుడల్లా ఆ పడవే నాకు గుర్తొస్తుంది. ఇప్పుడు జనం ఫోన్‌లో ఉన్నారు.

మరి మనం ఏం చేస్తున్నాం? నేను దిగిపోయాక నా కుర్చీలోకి ఎవరూ రాలేదు. పక్క మండలంలో పనిచేసే అతనికే ఇన్‌ఛార్జి ఇచ్చారు. పాపం వారానికి రెండు రోజులు వస్తాడు. మిగతా రోజులు పార్ట్ టైమ్ స్వీపరమ్మ తలుపు తీసి పేపర్లు వేస్తుంది. నేనుండగా వచ్చిన రెండు కంప్యూటర్లలో ఒకటి అట్టపెట్టెలోనే ఉంది. దాన్ని బిగించి, నెట్ పెట్టించి, పక్కన కూర్చునే మనిషి కావాలి కదా. మన దగ్గర ఎప్పుడూ యంత్రానికి డబ్బు దొరుకుతుంది, మనిషికి దొరకదు.

డబ్బు లేదని కూడా అనలేం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు సెస్సు జనం దగ్గర వసూలు చేస్తున్నాం. అది గ్రంథాలయాల కోసమని చెప్పి తీసుకున్న డబ్బు. స్థానిక సంస్థలు వసూలు చేసినది చేసినట్టు జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరితే, ఏ నెలకా నెల చేరితే, చాలా ఖాళీలు నింపవచ్చు. మీరు గట్టిగా అనుకుంటే జరిగే పని ఇది. పక్కనున్న కర్ణాటకలో గ్రామ పంచాయతీ గ్రంథాలయాలకి పిల్లలను ఉచితంగా సభ్యులుగా చేర్చుకుని, కంప్యూటర్లు పెట్టి నడుపుతున్నారు. వాళ్లకన్నా ముందు ఉద్యమం నడిపినవాళ్లం మనం.

నేను మొదట అడిగేది ఖాళీల భర్తీ. అది లేకుండా మిగతావి మాట్లాడుకోవడం వృథా. తర్వాత శిక్షణ. మాకు ఇచ్చిన శిక్షణంతా వర్గీకరణ నంబర్లు, స్టాక్ వెరిఫికేషన్. అవి కావాలి, కాదనను. వాటితో పాటు ఫోన్ మోసాలు ఎలా జరుగుతాయి, చాట్‌బాట్ చెప్పింది ఎలా సరిచూడాలి, చూపు లేనివాళ్లకి ఏ యాప్ పనికొస్తుంది అనేవి ఏడాదికి ఒక వారం కూర్చోబెట్టి నేర్పించండి. ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి చెబుతున్నాను. జనం మా చేతికి అన్‌లాక్ చేసిన ఫోన్ ఇస్తారు, ఆధార్ కార్డు ఇస్తారు, పిన్ నంబరు పైకి చెప్పేస్తారు. ఆ నమ్మకానికి తగ్గ నియమాలు రాతలో ఉండాలి. మేం ఏం చూడొచ్చు, ఏం రాసుకోకూడదు అనేది లైబ్రేరియన్ మంచితనానికి వదిలేయకూడదు.

పాత పుస్తకాల స్కానింగ్ గురించి కూడా ఒక మాట. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. గొప్ప పని. కానీ చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుల తడకగా టైప్ చేయడంతో, ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరకని పరిస్థితి వచ్చింది. మన ఊళ్ల గ్రంథాలయాల్లో పేజీలు పొడి పొడిగా రాలిపోతున్న పుస్తకాలున్నాయి. వాటిని స్కాన్ చేయించేటప్పుడు కాంట్రాక్టు ఇచ్చి ఊరుకోకండి. పేరు, రచయిత, సంవత్సరం తెలుగులో సరిగ్గా రాసే పని ఆ పుస్తకాలు తెలిసిన లైబ్రేరియన్‌కే అప్పగించండి. రేపు ఏఐ మన ఊరి గురించి నిజం చెప్పాలన్నా అది చదువుకోవడానికి ఆ పుస్తకాలు సరైన పేర్లతో దొరకాలి.

చివరిగా రిజిస్టర్. మాస్టారి సంఘటన జరిగిన మర్నాడు నేను స్కేలు పెట్టి రిజిస్టర్‌లో మూడో గడి గీశాను. దానికి "సాయం" అని పేరు పెట్టాను. రిటైరయ్యేదాకా, పది నెలల పాటు, అందులో రాశాను. మనుషుల పేర్లు రాయలేదు, పని మాత్రం రాశాను. "కేవైసీ అని లింకు వచ్చింది, నొక్కనివ్వలేదు." "పింఛను మెసేజ్ చదివి చెప్పాను." "ఏఐ ఇచ్చిన సంవత్సరం తప్పు, పుస్తకంలో చూపించాను." "హాల్ టికెట్‌లో ఫోటో రాలేదు, మళ్లీ పెట్టించాను." ఒక రోజు పాఠకులు 38, పుస్తకాలు 4, సాయం 17 అని ఉంది. పై ఆఫీసుకి వెళ్లే ఫారంలో ఆ గడికి చోటు లేదు కాబట్టి ఆ 17 అక్కడే ఆగిపోయింది.

రాష్ట్రంలో ప్రతి శాఖా గ్రంథాలయం రిజిస్టర్‌లో ఆ గడి పెట్టించమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఒక జీవో చాలు, ఖర్చు లేదు. ఆరు నెలలు లెక్క తీసి చూశాక, ఎక్కడ మనిషి కావాలో మీకే తెలుస్తుంది. నా రిజిస్టర్ ఆ గ్రంథాలయంలోనే, కిటికీ పక్క బీరువాలో రెండో అరలో ఉంది. మా ఊరికి కొత్త లైబ్రేరియన్‌ని వేసిన రోజు నేనే వెళ్లి అది వాళ్ల చేతికిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లైబ్రేరియన్
గుంటూరు జిల్లా