అప్పుడప్పుడు ఆగిపోయే బండి గురించి రమణకు

తార్నాక, హైదరాబాద్

ఒరేయ్ రమణా,

నీ వాయిస్ మెసేజ్ పూర్తిగా విన్నాను. టోలీచౌకి ట్రాఫిక్‌లో పాకుతుండగా కారు ఉన్నట్టుండి ఆగిపోతోంది, అరగంట పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతోంది, షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ బుద్ధిగా నడుస్తోంది. ఇది చాలదన్నట్టు కొన్ని పొద్దుటిపూటలు సెల్ఫే తిరగడం లేదన్నావు. ఇవి రెండు వేర్వేరు రోగాలు కావచ్చురా. ఒకే కారణం అనుకుని వెతికితే రెండూ దొరకవు.

బండి అమ్మేయమని మీ బావమరిది అన్నాడని తొందరపడకు. 2014 మోడల్, పెట్రోలు, 2029 దాకా రిజిస్ట్రేషన్ ఉంది, పొగ లేదు, ఆయిల్ తాగడం లేదు. రోగమేమిటో తెలియకుండా అలాంటి బండిని ఎందుకు వదులుకోవాలి? షెడ్డులో ఫ్యూయల్ పంపు మార్చేద్దామన్నారు చూడు, దానికి కూడా ఇప్పుడే ఒప్పుకోకు. పంపు మార్చేటప్పుడు దాని కనెక్టర్ ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కుతారు. అసలు దోషం ఆ కనెక్టర్ పిన్నులోనే ఉంటే, ఆ నొక్కుడుకే కొన్నాళ్లు బాగుపడుతుంది. పంపే పోయిందని అందరూ నమ్ముతారు. చిలుము మళ్లీ పట్టాక బండి మళ్లీ ఆగుతుంది, అప్పుడు ఇంకో సామాను మారుస్తారు. అందుకే, ఆగిపోయిన ఆ నిమిషంలో ఏది రావడం లేదో తేలేదాకా ఏ సామానూ మార్చనివ్వకు.

అన్నిటికంటే ముందు నీ ప్రాణం సంగతి. ఇది తేలేదాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ ఎక్కకు. దాదాపు 11.6 కిలోమీటర్లు, మధ్యలో బండి ఆగితే పక్కకు తీసే చోటు ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు కూడా వద్దు. అరాంఘర్ నుంచి కింది రోడ్డునే వెళ్లు, ఆలస్యమైనా ఫరవాలేదు. నడుస్తుండగా ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది, కాబట్టి పదే పదే తొక్కకుండా ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకో. గేరు న్యూట్రల్‌లో వేసి, హజార్డ్ లైట్లు పెట్టి, ఎడమకు తీసుకో. కదులుతుండగా తాళంచెవి పూర్తిగా వెనక్కి తిప్పావంటే స్టీరింగ్ లాక్ పడుతుంది, అది మాత్రం ఎప్పుడూ చేయకు.

ఇక బండి ఆగినప్పుడు ఏం చూడాలో చెప్తాను. అరగంట కూర్చుంటే సాక్ష్యం చల్లారిపోతుంది, వెంటనే చూడాలి. ఇగ్నిషన్ ఆన్ చెయ్, సెల్ఫ్ కొట్టకు. చెక్ ఇంజన్ లైటు వెలిగిందా? వెలగకపోతే ఈసీఎంకు, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు, కరెంటే అందడం లేదు: మెయిన్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. వెలిగితే వెనక సీటు వైపు చెవి పెట్టు. పంపు రెండు సెకన్లు జుమ్మని ఆగాలి. ఆ చప్పుడు వింటే పంపుకు ఆ క్షణంలో కరెంటు అందుతోందని అర్థం. ఆ తర్వాత సెల్ఫ్ కొట్టు. సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్‌పీఎం ముల్లు సున్నా మీదే పడుకుని ఉంటే, ఇంజన్ తిరుగుతోందని ఈసీఎంకు చెప్పే క్రాంక్ సెన్సార్ మీద అనుమానం పెట్టుకో. కొన్ని మోడళ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ముల్లు మామూలుగానే కదలదు, అందుకే బండి బాగున్న రోజునే ఒకసారి చూసి పెట్టుకో. బండి సాకెట్‌కు తగిలిస్తే ఇంజన్ లెక్కలు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఈఎల్ఎం327 డాంగిల్ ఉంటే ఇంకా మంచిది. సెల్ఫ్ కొడుతుండగా ఫోన్‌లో రెండు వందల దగ్గర ఆర్‌పీఎం కనిపిస్తే సెన్సార్ నుంచి సిగ్నల్ వస్తున్నట్టే. సున్నా చూపిస్తే రానట్టు. డ్యాష్ మీద తాళంచెవి బొమ్మో ఇమ్మొబిలైజర్ (దొంగతాళంతో స్టార్టవకుండా ఆపేది) దీపమో మినుకుమంటే అది వేరే దారి, రెండో తాళంచెవితో ప్రయత్నించు.

నువ్వు చెప్పిన లక్షణాలకు, అంటే వేడెక్కాక ఆగి చల్లారాక లేవడానికి, నా మొదటి అనుమానం క్రాంక్ సెన్సారే. లోపలి సన్నటి తీగ చుట్టలో పగులు ఉంటే వేడికి వ్యాకోచించి తెగుతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. కదిలే బండికి గాలి తగులుతుంది కాబట్టి బాగానే ఉంటుంది, ట్రాఫిక్‌లో బానెట్ కింద వేడి పేరుకున్నప్పుడే ఏడిపిస్తుంది. సెన్సార్ మోడల్‌ను బట్టి క్రాంక్ పుల్లీ దగ్గరో, గేర్‌బాక్స్ ఇంజన్‌కు కలిసేచోటో ఉంటుంది. నిర్ధారించడం తేలికే. బండి ఆగిన వెంటనే, చేయి అందే చోట ఉంటే, తడిగుడ్డ ఆ సెన్సార్ మీద రెండు మూడు నిమిషాలు వేసి ఉంచు. అరగంట పట్టాల్సింది ఐదు నిమిషాల్లో స్టార్టయితే దొంగ దొరికినట్టే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (కాలిన పొగ బయటికి పోయే గొట్టం) పక్కనే ఉండవచ్చు, చేయి కాలుతుంది, చల్లనీళ్లు మాత్రం దాని మీద కుమ్మరించకు. రెండు తీగల సెన్సార్ అయితే మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చల్లగా ఉన్నప్పుడొకసారి, వేడి మీదొకసారి కొలువు. వేడిలో మీటర్ ఇన్ఫినిటీ, అంటే తీగ తెగినట్టు చూపిస్తే పోయినట్టు. మూడు తీగలది సాధారణంగా హాల్ సెన్సార్ అనే వేరే రకం, దాన్ని ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలతలో) కొలిచి లాభం లేదు.

పంపు చప్పుడే రాలేదనుకో, అప్పుడు రిలే. ఫ్యూజు పెట్టెలో అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడు. రిలే లోపల టంకం పగిలితే అది కూడా వేడి మీదే మొరాయిస్తుంది. రిలే మార్చినా ఉలుకూ పలుకూ లేకపోతే పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజ్ చూడాలి. అక్కడ పన్నెండు వోల్టులు వస్తున్నా పంపు తిరగకపోతేనే పంపు పోయినట్టు లెక్క. ఇంకో సంగతి, పంపును చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే. వందా రెండొందలకు పోయించుకుంటూ రిజర్వులో నడిపే అలవాటుంటే పంపు తొందరగా అరుగుతుంది, పావు ట్యాంకు కిందికి రానివ్వకు.

పొద్దుటి సంగతికి వద్దాం. సెల్ఫ్ తిరగకుండా టక్‌మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిందంటే అందరూ బ్యాటరీ మార్చమంటారు. ముందు మల్టీమీటర్ కొనుక్కో. కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, మరీ చవకది వద్దు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, తలుపు తీయకముందు వీలైతే, బ్యాటరీ కొలువు. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 అంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే కిందికి జారకూడదు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి చూడు. 13 కిందికి పడితే బెల్టు జారుతోందో, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బ్రష్‌లు అరిగాయో. అదే మీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్ట్స్‌కు తిప్పి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద పెట్టు. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్ డయోడ్ పోయి ఉండవచ్చు. అలాంటి డయోడ్ రాత్రిపూట బ్యాటరీని ఖాళీ కూడా చేయగలదు.

బ్యాటరీ నిండుగా ఉండీ సెల్ఫ్ తిరగకపోతే ఎర్త్ చూడాలి. పదేళ్లు దాటిన బండ్లలో నేను మొదట వెతికేది ఇదే, చాలామంది చివరికి వెతికేదీ ఇదే. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, అక్కడినుంచి ఇంజన్‌కు వచ్చే మందపాటి తీగ లోపల నల్లబడిపోతుంది. పైకి బాగానే కనిపిస్తుంది. ఓమ్స్‌లో కొలిస్తే మీటర్ సున్నా అంటుంది. తెగిపోతున్న చేదతాడులో ఒక్క పోగు మిగిలినా తాడు ఉన్నట్టే కనిపిస్తుంది, నిండు బిందె కట్టి లాగితేనే తెలుస్తుంది. సెల్ఫ్ లాగే వంద, నూటయాభై ఆంపియర్లు ఈ తీగలోంచి పోవాలి. అందుకే కరెంటు పారుతుండగా వోల్టేజ్ కొలవాలి. పంపు ఫ్యూజు తీసేయ్, బండి స్టార్టవకుండా సెల్ఫ్ మాత్రమే తిరుగుతుంది. మీటర్ 20 వోల్ట్ డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ దిమ్మె మీద, క్లాంపు మీద కాదు, సరిగ్గా సీసపు దిమ్మె మీద పెట్టు. ఎర్ర ప్రోబ్ ఇంజన్ బ్లాక్ మీద రంగు లేని చోట ఆనించు. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ పాడయినట్టే. ఇలాగే ప్లస్ దిమ్మె నుంచి సెల్ఫ్ మోటార్ బోల్టు దాకా కొలువు, అక్కడ అర వోల్టు దాకా ఒప్పుకోవచ్చు. ఎక్కువ వస్తే ప్రోబ్‌ను ఒక్కో జాయింటు ముందుకు జరుపుతూ పోతే ఏ జాయింటు మింగేస్తోందో దొరుకుతుంది. తీగ మార్చడానికి ఖర్చు తక్కువ. బోల్టు కింద రంగూ తుప్పూ మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాయి.

ఎర్త్ బాగుండి, బ్యాటరీయే పొద్దుటికి దిగిపోతోంటే ఏదో రాత్రంతా కరెంటు తాగుతున్నట్టు. నువ్వు బయట పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్, జీపీఎస్ ట్రాకర్, సెంట్రల్ లాక్ కిట్ మీద కన్నేసి ఉంచు. మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ బ్యాటరీ మైనస్ దిమ్మెకూ మధ్య మీటర్‌ను పది ఆంపియర్ల సాకెట్‌లో సిరీస్‌గా కలుపు. బానెట్ తెరిచి, తలుపు లాచ్ మాత్రం స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి పెట్టు. బండి లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట పడుతుంది, అప్పటిదాకా లెక్క నమ్మకు. యాభై మిల్లీ ఆంపియర్ల లోపు మామూలే. మూడు వందలు ఉంటే రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కదా నీది, మూడు రోజులు కదలకపోతే సగానికి పైగా ఖాళీ. మీటర్ అలా కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకితే నిద్రపోయినవి మళ్లీ లేస్తాయి, దానికంటే ఫ్యూజు వీపు మీదున్న రెండు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలువు. సున్నా కానిది ఏదో, ఆ దారిలో కరెంటు పోతోంది.

వానల్లో మిస్సింగ్ కొడుతోందని, అంటే ఇంజన్ తడబడుతోందని కూడా అన్నావు. ఇగ్నిషన్ కాయిల్ మీద సన్నటి పగులు ఉంటే తేమకు స్పార్క్ బయటికే దూకుతుంది. చీకట్లో ఇంజన్ నడుస్తుండగా కాయిళ్ల మీద స్ప్రే సీసాతో కాస్త నీళ్లు చల్లి చూడు, నీలి మెరుపు కనిపిస్తుంది. చేయి పెట్టకు, వేల వోల్టులు అవి. స్కానర్‌లో పీ0301 కోడ్ (ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్) వస్తే ఒకటో కాయిల్‌ను మూడో దానితో మార్చు. కోడ్ పీ0303గా మారితే కాయిల్‌దే తప్పు. మారకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో, వైరింగో. కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీసుకో. కోడ్ వచ్చిన క్షణంలో ఆర్‌పీఎం, వేడి, స్పీడు అందులో ఉంటాయి. షెడ్డుల్లో దాన్ని చూడకుండానే చెరిపేస్తున్నారు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. సగం కథ అక్కడే రాసి ఉంటుంది.

మీ సెల్లార్‌లో ఎలకలు ఉన్నాయన్నావు కదా, వైరింగ్ తీగల కట్ట మొత్తం టార్చి వేసి చూడు. ఇంజన్ కదిలేచోట, బ్రాకెట్‌కు ఒరుసుకునేచోట పైతొడుగు చిరిగి ఉందేమో చెయ్యి పెట్టి తడుము. తర్వాత ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ఫ్యాను, బెల్టులకు దూరంగా చేతులుంచి, ఒక్కో కనెక్టర్‌ను మెల్లగా కదుపు. ఏది కదిపితే ఇంజన్ తడబడుతుందో అదే. పిన్నులు వదులైతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఊరుకోకు, ఆడ పిన్ను పట్టు బిగించాలి.

సెన్సార్ కొనే వేళ వస్తే రాణీగంజ్‌కు పాతది చేత పట్టుకుని వెళ్లు, దాని మీదున్న పార్ట్ నంబరు సరిచూసి తీసుకో. సగం ధరకు ఇస్తామనే డూప్లికేట్ క్రాంక్ సెన్సార్ వద్దు. వేడి మీద అది కూడా ఇలాగే చేస్తే పాతదా కొత్తదా అన్న అనుమానంతో మళ్లీ మొదటికొస్తావు. ఒకసారికి ఒక్కటే మార్చు. మార్చాక ఏ పరిస్థితిలో ఆగేదో అదే పరిస్థితిలో, ఏసీ వేసి, మధ్యాహ్నం ఎండలో, ఇంటి దగ్గరి రోడ్ల మీద నలభై నిమిషాలు తిప్పు.

డ్యాష్‌లో చిన్న నోట్‌బుక్ పెట్టుకో. ఆగిన టైము, ఉష్ణోగ్రత ముల్లు, పెట్రోలు ఎంతుంది, ఏసీ ఉందా లేదా, లైటు వెలిగిందా, పంపు చప్పుడు వచ్చిందా, ఎంతసేపటికి లేచింది, ఇవన్నీ రాయి. ఆ పేజీ ఫొటో, బ్యాటరీ రీడింగులు నాకు పంపు. ఎర్త్ కొలతకు ఇద్దరు కావాలి, దానికి మీ వనస్థలిపురం నేనే వస్తాను. అమ్మని, చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
ప్రసాద్