వార్షిక నివేదిక 2024-25: ఆదివారం స్పానిష్ తరగతి

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి వేడుకలు, పిల్లల తెలుగు బడి ఎప్పటిలాగే సాగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి గారి పట్టికలో ఉన్నాయి. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు కొత్తగా మొదలుపెట్టిన స్పానిష్ తరగతికే ఇస్తున్నాను.

తెలుగు సంఘానికి స్పానిష్ ఎందుకని గత సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. మనం ఉంటున్న టెక్సస్ జనాభాలో దాదాపు 40 శాతం మంది మూలాలు స్పానిష్ మాట్లాడే దేశాలవే. పక్కింటివారు, పిల్లల తోటివారి తల్లిదండ్రులు, ఆసుపత్రిలో నర్సులు వారిలో ఉన్నారు. మనలో చాలామంది ఏళ్ల తరబడి వారిని చూసి చెయ్యి ఊపడంతోనే సరిపెట్టుకున్నాం. ముఖ్యంగా ఇక్కడికి వచ్చి పగలంతా ఇంట్లో ఒంటరిగా గడిపే మన పెద్దవాళ్ల కోసం ఈ తరగతి పెట్టాం.

మొదట పాఠ్యపుస్తకంతో మొదలుపెట్టాం. నెల తిరగకుండానే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. పుస్తకంలోని సంభాషణల్లో ఎవరూ ఒకరి మాటకు ఒకరు అడ్డురారు, ఎవరికీ కోపం రాదు, ఎవరి చేతుల్లోనూ పని ఉండదు. హైదరాబాద్‌లో స్పానిష్ చదువుకుని, ఇప్పుడు మనకు ఉచితంగా పాఠం చెబుతున్న సభ్యురాలు అప్పుడొక మార్పు తెచ్చారు. నేర్చుకునేవారి కోసం తయారు చేసిన వీడియోలు కాకుండా, స్పెయిన్ వాళ్లు, మెక్సికో వాళ్లు తమ కోసం తాము తీసుకున్న వీడియోలు చూపించడం మొదలుపెట్టారు.

ఆ మార్పు ఫలితం నేను కళ్లారా చూసిన రోజు చెబుతాను. మెక్సికోలోని మిచోవకాన్ రాష్ట్రంలో డోన్యా ఆంఖెలా అనే పెద్దావిడ 2019లో తన పల్లె వంటలను వీడియోలుగా పెట్టడం ప్రారంభించి లక్షలాది మందికి దగ్గరయ్యారు. అలాంటి పల్లె వంట వీడియో ఒకటి మా ఉపాధ్యాయురాలు మొదట శబ్దం లేకుండా చూపించారు. కట్టెల పొయ్యి, మట్టి పాత్ర, ఒక రాయి మీద నూరుతున్న చేతులు. గుంటూరు జిల్లా నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ అప్పటివరకు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ రాయిని చూడగానే లేచి నిలబడ్డారు. "ఇది మా సన్నికల్లే! కాకపోతే దీనికి కాళ్లున్నాయి" అన్నారు. నిజమే, మెటాటే అనే ఆ నూరే రాయికి మూడు కాళ్లుంటాయి. మన పొత్రాన్ని అక్కడ మానో అంటారు, ఆ మాటకు అర్థం చెయ్యి. మన అత్తమ్మలు పచ్చడి నూరినట్టే వాళ్లు మొల్కహెటే అనే చిన్న రాతిరోటిలో మిరపకాయలు, టమాటాలు నూరుతారు. నూరడాన్ని మోలేర్ అంటారు, "ఆమె నూరుతోంది" అన్నప్పుడు అది మువేలే అవుతుంది. పుస్తకంలో ఆ క్రియారూపాల పట్టికను మూడుసార్లు చదివినా మాకు పట్టుబడలేదు. ఆ రోజు ఆమె గాలిలో పొత్రం తిప్పుతూ "మువేలే, మువేలే" అంటుంటే గదిలో అందరికీ వచ్చేసింది.

పుస్తకంలో లేని మాటలు ఇలాగే ఎన్నో దొరికాయి. మెక్సికో నడిమి ప్రాంతాల్లో ఎర్ర టమాటాను హితోమాతే అంటారు. పెద్దవాళ్లు పిలిస్తే అక్కడి పిల్లలు "ఏమిటి" అనరు, "మాందే" అంటారు. మన పిల్లలు "ఆఁ, చెప్పండి" అన్నట్టన్నమాట. అవోరిత అంటే నిఘంటువు ప్రకారం ఇప్పుడే. కానీ అమ్మ ఆ మాట ఏ గొంతుతో అందో వింటేనే అది ఈ క్షణమా, కాసేపటికా అన్నది తెలుస్తుంది.

2024 డిసెంబరు 22 ఆదివారం వచ్చింది. ఆ రోజు స్పెయిన్‌లో క్రిస్మస్ లాటరీ. 1812లో కాదిస్‌లో మొదలైన ఈ లాటరీలో సాన్ ఇల్దెఫోన్సో బడి పిల్లలు అంకెలను పాడతారు. ఒకరు సంఖ్యను, మరొకరు బహుమతిని పాడతారు. మాడ్రిడ్‌లో ఉదయం 9 గంటలంటే మనకు రాత్రి 2 కనుక మధ్యాహ్నం రికార్డింగ్ చూశాం. అందరికీ కాగితాలిచ్చి, విన్న సంఖ్య రాయమన్నారు. వెయ్యి యూరోల బహుమతులు పదిహేడు వందలకు పైగా ఉంటాయి కనుక "మిల్ ఎవురోస్" అన్న పాట చెవిలో నాటుకుపోయింది. మొదటి బహుమతి వచ్చిన సంఖ్య 72480: సెతెంతా ఇ దోస్ మిల్ క్వాత్రోసియెంతోస్ ఒచెంతా. తొలిసారి విన్నప్పుడు చాలామంది 62480 అని రాశారు. సెసెంతా అరవై, సెతెంతా డెబ్బై. ఒక్క అక్షరం తేడా. ఇప్పుడు ఆ పొరపాటు మాలో ఎవరూ చేయరు.

బతుకమ్మ ముగిసిన కొన్ని వారాలకే నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికోలో మృతుల పండుగ. హనిట్సియో దీవిలో రాత్రంతా సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి కూర్చున్న కుటుంబాలను వీడియోలో చూశాం. పరచిన పూలన్నీ బంతిపూలే. బంతి పుట్టిల్లు మెక్సికో అని, అక్కడి పేరు సెంపాసూచిల్ అని, అది అక్కడి ఆదివాసుల నహువాత్ భాషలో ఇరవై రేకుల పువ్వనే అర్థమున్న మాట నుంచి వచ్చిందని తెలిసి మా ఆడవాళ్లు ఆశ్చర్యపోయారు. పితృదేవతలకు తర్పణం విడిచే మనకు ఆ పండుగను వేడుక వేషాల తంతుగా చూడాల్సిన అవసరం లేదు.

లోటుపాట్లూ చెప్పాలి. మొదట్లో స్పెయిన్, అర్జెంటీనా, మెక్సికో వీడియోలు కలిపి చూపించడం మన పొరపాటు. ధన్యవాదాలు చెప్పే ఒకే మాటను గ్రాసియాస్ అని ఒకరు, గ్రాథియాస్ అని ఇంకొకరు పలికితే, వీధి అని అర్థమున్న కాయే అన్న మాటను అర్జెంటీనాలో కాషే అంటే కొత్తవారు బెదిరిపోయారు. జనవరి నుంచి మెక్సికో స్పానిష్‌నే ఆధారం చేసుకున్నాం. వీడియో రెండు మూడు నిమిషాలు దాటకూడదని కూడా అప్పుడే తెలుసుకున్నాం. మొదట శబ్దం లేకుండా, తర్వాత శబ్దంతో, ఆపైన స్పానిష్ ఉపశీర్షికలతో చూస్తాం, ఇంగ్లీషు ఉపశీర్షికలు పెట్టం. యంత్రం దానంతటది రాసే ఉపశీర్షికలు తప్పులు చూపుతాయి కనుక ఉపాధ్యాయురాలు ముందే సరిచూస్తారు. ఒక వారం సమావేశ గదిలో ఇంటర్నెట్ పనిచేయక తరగతి రద్దయింది. గది అద్దె, కాగితాలు తప్ప వేరే ఖర్చు లేదు.

వచ్చే ఏడాది ప్రతి తరగతి చివరి పావుగంట స్పానిష్ మాట్లాడే ఇరుగుపొరుగు వారిని పిలవాలని కార్యవర్గం తీర్మానించింది. ఎవరింట్లోనైనా సన్నికల్లు ఉంటే దయచేసి తెలియజేయండి. గుంటూరు పెద్దావిడ అలా వచ్చే ఇరుగుపొరుగు వారికి దోసకాయ పచ్చడి నూరి పెడతానని మాట ఇచ్చారు. ఆ వంటను స్పానిష్‌లో ఎలా చెప్పాలో ఆమె ఇప్పటి నుంచే రాసుకుంటున్నారు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి