వార్షిక నివేదిక 2024–25: ఒడిశా బరంపురంలో మన తెలుగు సంఘం మదుపు పాఠాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, త్యాగరాజ ఆరాధన, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. వేసవిలో తెలుగు తరగతికి వచ్చిన పిల్లలు బడులు తెరవగానే సగమయ్యారు, ఈ మాట దాచడం ఎందుకు. మిగతావన్నీ మీకు తెలిసినవే కాబట్టి, ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన పని గురించే ఎక్కువ రాస్తున్నాను.

మన సభ్యుల్లో మ్యూచువల్ ఫండ్ (పలువురి డబ్బు పోగుచేసి షేర్లలో, బాండ్లలో పెట్టే పథకం) పంపిణీదారులు, బీమా ఏజెంట్లు, పోస్టాఫీసు పొదుపు ఏజెంట్లు తక్కువేమీ కాదు. పట్టు మగ్గాల కుటుంబాలు, సూరత్ మిల్లులకు వెళ్లిన కొడుకులు పంపే డబ్బు దాచుకునే తల్లిదండ్రులు, రిటైరైన ఉద్యోగులు వీరి దగ్గరికి వస్తారు. పరీక్ష రాసి లైసెన్సు నంబరు తెచ్చుకోవడం వీరిలో చాలామందికి తెలుసు. ఒక ఇంటి డబ్బునంతా ఒకచోట పరిచి ఎలా అమర్చాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. అందుకని నెలకో ఆదివారం సంఘం కార్యాలయంలో కూర్చున్నాం.

మొదటి ఆదివారం దుకాణం బోర్డుల మీదే గడిచిపోయింది. ఫండు కంపెనీ నుంచి కమీషన్ తీసుకునేవాడు పంపిణీదారు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2013 నిబంధనల కింద నమోదై, ఖాతాదారు దగ్గర ఫీజు తీసుకునేవాడు సలహాదారు. నమోదు లేనివారు ఆ పేరు పెట్టుకోకూడదని 2020లో సెబీ తేల్చిచెప్పింది. మన సభ్యుడొకరి బోర్డు మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలోనూ “సలహాదారు” అనే ఉండేది. పెయింటరు వచ్చి తెల్ల రంగు పూశాడు కానీ తెలుగులో “దారు” మిగిల్చి వెళ్లాడు. నెల రోజులు అది అలాగే ఉంది.

తరువాతి సమావేశానికి ఒకరు తన ఖాతాదారు స్టేట్‌మెంటును పేరు కొట్టేసి తెచ్చారు. అందులో పద్నాలుగు ఫండ్లు ఉన్నాయి, వాటిలో నాలుగు లార్జ్‌క్యాప్. 2017 అక్టోబరులో సెబీ చేసిన వర్గీకరణ ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలే లార్జ్‌క్యాప్. ఆ ఫండు సొమ్ములో కనీసం 80 శాతం వాటిలోనే ఉండాలి. అంటే నాలుగు కొట్లు తిరిగి అదే కందిపప్పును నాలుగు సంచుల్లో ఇంటికి తెచ్చుకోవడమే. కాగితాలు బల్లమీద పరిచి, ప్రతి ఫండులోని మొదటి పది కంపెనీలకు ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టాం. ఒక బ్యాంకు పేరు దగ్గర తొమ్మిది గీతలు పడ్డాయి. ఏ ఏడాది ఏ ఫండు పేరు పత్రికల్లో మోగిందో ఆ స్టేట్‌మెంటు చూసి చెప్పవచ్చు. మామూలు కుటుంబానికి నాలుగు ఫండ్లు దాటనక్కరలేదని నా అభిప్రాయం. కమీషన్ సంగతి తెలిసినవారు కొందరు దీనికి ముఖం చిట్లించారు.

ఎన్ని కొన్నామన్నది కాక, కొన్నవి కలిసి పడతాయా విడివిడిగా పడతాయా అన్నది చూడాలని అమెరికా ఆర్థికవేత్త హ్యారీ మార్కోవిట్జ్ 1952లోనే లెక్కగట్టి చూపించాడు. 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది. మగ్గం ఉన్న ఇంటాయన చీరల కొట్టులో వాటా కొని రెండు ఆదాయాలు అనుకుంటాడు. ముహూర్తాలు లేని ఏడాది రెండూ ఒకేసారి కుంటుపడతాయి. ఈ ఊళ్లో ఇంతకంటే విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

మేము తయారు చేసిన తెలుగు ప్రశ్నపత్రం రెండు పేజీలే. మొదటి ప్రశ్న: ఈ డబ్బు ఎప్పుడు కావాలి? ఏడాదిలోపు కావలసింది బ్యాంకులోనే ఉండాలి, ఏడేళ్ల దాకా ముట్టనక్కరలేనిదే ఈక్విటీకి (అంటే షేర్లకు) వెళ్లాలి, నడుమ ఉన్నది డిపాజిట్లకు, బాండ్లలో పెట్టే ఋణ పథకాలకు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఏం పడ్డామో గుర్తున్నవారికి, ఇంట్లో కొంత నగదు కూడా ఉండాలన్న వాదన కొత్తగా అనిపించలేదు. నష్టం భరించే శక్తి, నష్టం భరించే మనసు వేరువేరని రెండో పేజీలో అడిగాం. ఆస్తి ఉండి గుండె లేనివారూ, గుండె ఉండి ఆస్తి లేనివారూ మనకు ఎదురవుతూనే ఉంటారు. రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే కొలతగా తీసుకోవాలి.

నలభై లక్షలతో రిటైరైన ఉపాధ్యాయుడొకరి లెక్క ఒక పూటంతా చేశాం. సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 30 లక్షల దాకా పెట్టవచ్చు, 2024–25లో ఉన్న 8.2 శాతం చొప్పున మూడు నెలలకు 61,500 రూపాయలు వస్తాయి. అంతా అందులోనే పెట్టేద్దామని అందరూ అన్నారు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో ఖర్చు రెట్టింపవుతుందని గుర్తుచేసేసరికి గది నిశ్శబ్దమైంది. చివరికి 24 లక్షలు ఆ పథకంలో, 6 లక్షలు బ్యాంకులో, 10 లక్షలు ఒక ఇండెక్స్ ఫండులోకి (మార్కెట్ సూచీలో ఉన్న షేర్లనే కొనే ఫండు) నెలనెలా కొంచెంగా అని తేలింది. అది నచ్చనివారు ఇద్దరు మిగిలారు.

మార్కెట్ కూడా పాఠం చెప్పింది. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజున, షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఒక్కరోజే దాదాపు 6 శాతం పడింది. సెప్టెంబరులో 85,000 దాటి, ఫిబ్రవరి చివరికి 73,000 దగ్గరకు వచ్చింది. ఆ నెలల్లో మన సభ్యులకు వచ్చిన ఫోన్లన్నీ “తీసేద్దామా?” అనే. ఈక్విటీ ఎంత, ఋణం ఎంత అన్న నిష్పత్తి ముందే కాగితం మీద రాసుకున్నవారి ఖాతాదారులు తక్కువ కంగారుపడ్డారు. పది లక్షల్లో ఆరు ఈక్విటీ, నాలుగు ఋణం అనుకుందాం. ఈక్విటీ 40 శాతం పెరిగి, ఋణం 7 శాతం పెరిగితే ఈక్విటీ వాటా 66 శాతం దాటుతుంది. దాదాపు 79 వేలు ఈక్విటీ నుంచి ఋణానికి మళ్లిస్తే మళ్లీ అరవైకి వస్తుంది. ఏడాది దాటిన ఈక్విటీ లాభంలో ఏటా 1.25 లక్షల దాకా పన్ను లేదు కనుక, ఆ ఏడాది వేరే అమ్మకాలు లేకపోతే ఇది పన్ను పడకుండానే జరుగుతుంది.

బంగారం దగ్గర మాత్రం ఎవరూ లొంగలేదు. “అది పెట్టుబడి కాదండీ, అమ్మాయి పెళ్లి” అని ఒక పెద్ద ఏజెంటు గారు లేచి వెళ్లిపోయారు. బీరువాలో ఉన్నదాన్ని కూడా లెక్కలో కలపాలని నేను ఇప్పటికీ అంటాను. వారు తరువాతి నెల మళ్లీ వచ్చారు, బంగారం గురించి మాట్లాడకూడదన్న షరతుతో.

ఇక మన లెక్కలు. విద్యార్థి సహాయ నిధి మొత్తం ఒకే బ్యాంకు డిపాజిట్లో ఉంది. ఒక బ్యాంకులో ఒక డిపాజిటుదారుకు బీమా 5 లక్షల దాకానే. ఈ సంగతి మొదట ఎత్తింది నేను కాదు, పాఠానికి వచ్చిన కొత్త సభ్యుడు. కార్యదర్శిగా నా తప్పు ఒప్పుకుంటున్నాను. గడువు తీరగానే మూడు బ్యాంకుల్లో సర్దాలని కార్యవర్గం తీర్మానించింది. ఆడిట్ పత్రం కార్యాలయంలో ఉంది, చూడవచ్చు.

వచ్చే నెల సమావేశానికి వచ్చేవారు ఖాతాదారుల కాగితాలను పేర్లు, ఖాతా నంబర్లు కొట్టేసి తేగలరు. ఎర్ర పెన్సిళ్లు కూడా అయిపోయాయి.

మీ కార్యదర్శి