పక్క మంచం పెద్దావిడకి

నిన్న రాత్రి విజయవాడ నుంచి గుంటూరు ఇంటికొచ్చాం. కూర్చుంటే కుట్లు లాగుతున్నాయి, అయినా ఇది ఇవాళే రాయాలి.

నా జబ్బు పేరు అకలేషియా. అన్నవాహిక అడుగున కండరం వదులవ్వదు. మెతుకే కాదు, మంచినీళ్లు కూడా ఛాతీలోనే నిలిచిపోతాయి, పడుకుంటే ముక్కులోకి ఎగదన్నుతాయి. ఇదున్నవాళ్లు మామూలుగా చిక్కిపోతారట. నేనేమో 112 కిలోలు. "ఇంత మనిషివి, నీకు మింగుడు పడకపోవడమేంటి?" అన్నారందరూ. రెండేళ్లు గ్యాస్ బిళ్లలతో గడిచాయి. చివరికి మానోమెట్రీలో, అంటే ముక్కులోంచి సన్న గొట్టం వేసి అన్నవాహిక ఒత్తిడి కొలిచే పరీక్షలో, బయటపడింది. కండరం కోసి, అదే ఆపరేషన్‌లో బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ కూడా చేశారు, అంటే పొట్టని చిన్న సంచిలా చేసి పేగుకి కలపడం. స్లీవ్ అయితే, అంటే పొట్టని గొట్టంలా కోసి కుదిస్తే, పుల్లటి తేన్పులు ఎక్కువవుతాయని వద్దన్నారు.

సూర్యారావుపేట ఆసుపత్రిలో పక్క మంచం మీదున్న తన కోడలికి తోడుగా ఉండేది ఆ పెద్దావిడ. ఆపరేషన్‌కి ముందు ఒక రాత్రి రెండింటికి నీళ్లు ఎగదన్ని ఊపిరాడలేదు. ఆవిడే లేచి నన్ను కూర్చోబెట్టి, వీపు తన ఒంటికి ఆనించుకుంది. "ఇక్కడే కదమ్మా ఆగేది" అని నా గుండెల మధ్య చెయ్యి పెట్టింది. సరిగ్గా అక్కడే. తెల్లారేదాకా అలాగే కూర్చుంది.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు నన్ను వరండాలో నడిపిస్తున్నారు. ఆవిడ మెట్ల దగ్గర నిలబడి క్యారేజీలో పప్పన్నం తింటోంది. లోపల తినొచ్చు కదండీ అన్నాను.

"నువ్వు గుక్క నీళ్లకి అంత అవస్థ పడుతుంటే, నీ ఎదురుగా ఎట్టా తినేది తల్లీ?"

వారం నుంచీ అక్కడే తింటోందట. గోడ పట్టుకుని ఏడ్చేశాను. కుట్లు లాగుతాయమ్మా, ఏడవకు అని కొంగుతో ఆవిడే తుడిచింది. ఆవిడ పేరైనా అడగలేదు నేను.

మా ఆయన, తమ్ముడు, అత్తయ్య ఇల్లూ పిల్లల్నీ చూసుకున్నారు. వాళ్లకి వేరే చెప్పేదేముంది.

ఒక్కటి మాత్రం కడుపులో దాచుకోలేను. ఇన్సూరెన్స్ వాళ్లు ముందు "అందం కోసం చేయించుకునే ఆపరేషన్" అని కొట్టేశారు. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 40 దాటి, డాక్టరు అవసరమని రాస్తే వర్తిస్తుందని వాళ్ల పాలసీ కాగితంలోనే ఉంది! సెలైన్ ఎక్కుతున్న మనిషి ఆ కాగితాలు వెతుక్కోవాలా?

అన్నట్టు రాత్రి డ్యూటీ నర్సమ్మలకి, వారధి మీదుగా ఒక్క కుదుపు లేకుండా తెచ్చిన కారు డ్రైవర్‌కి కూడా దణ్ణాలు. అయ్యో, మానోమెట్రీ చేయించమని మొదట రాసిచ్చిన కుర్ర డాక్టరు గారు! ఆయన్ని మర్చిపోతే ఎలా. మత్తు డాక్టరమ్మ గారికీ.

ఆవిడది అవనిగడ్డ వైపు అన్నారు. అటువాళ్లెవరికైనా తెలిస్తే, ఇవాళ పొద్దున 30 ఎంఎల్ కొబ్బరినీళ్లు ఎక్కడా ఆగకుండా దిగాయని చెప్పండి.