కెమెరాకూ ఒక కట్టుబాటు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో మా కాలనీవాసులం చందాలు వేసుకుని వీధి మొగదల నిఘా కెమెరా పెట్టించుకున్నాం. గొలుసు దొంగల భయంతో పెట్టించుకున్న ఆ కెమెరాను తీసేయమని నేను కోరను. అయితే కిందటి నెల, పక్కింటి అమ్మాయి బాగా పొద్దుపోయాక గేటు తీసుకుని లోపలికి వెళ్తున్న దృశ్యాన్ని ఎవరో ఫోన్‌లో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ రికార్డును ఎవరు చూడవచ్చో, ఎన్నాళ్లు ఉంచాలో మేమెవరమూ రాసిపెట్టుకోలేదని అప్పుడు తెలిసివచ్చింది.

ప్రభుత్వ నిఘాకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. జనం గుమిగూడే సంస్థల్లో కెమెరాలను ఉమ్మడి రాష్ట్రంలోని 2013 నాటి ప్రజా భద్రత చట్టమే తప్పనిసరి చేసింది. కెమెరాల దృశ్యాలను ఒకేచోట నుంచి చూసే పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022లో బంజారాహిల్స్‌లో ప్రారంభమైంది. కెమెరా చిత్రాల్లోని ముఖాలను గుర్తుపట్టే సాంకేతికతను పోలీసులు వాడటాన్ని సవాలు చేసిన వ్యాజ్యం తెలంగాణ హైకోర్టుకు చేరింది. గోప్యత ప్రాథమిక హక్కేనని, అందులో జోక్యానికి చట్టం, న్యాయమైన ప్రయోజనం, దానికి తగిన మోతాదు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 17వ సెక్షన్ మాత్రం, కేంద్రం నోటిఫై చేసే ప్రభుత్వ సంస్థలను దేశభద్రత, శాంతిభద్రతల కారణంగా ఆ చట్టం నుంచే తప్పించే వీలు కల్పిస్తోంది. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. ముఖాలను పోల్చి చూసే ముందు పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి పొందాలని, నేరంతో సంబంధం లేనివారి చిత్రాలను నిర్ణీత గడువులో చెరిపేయాలని మన శాసనసభ చట్టం చేయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్